నెల్లూరులో ఉచిత చెవి పరీక్ష అంటే నమ్మి అడ్వాన్స్ కట్టకండి

ట్రంక్ రోడ్డులో ‘ఉచిత వినికిడి పరీక్ష’ అని ఫ్లెక్సీ కట్టిన షాపు. పేరు రాయను, నెల్లూరు వాళ్లకి అర్థమవుతుంది. టీవీ సౌండు బాగా పెంచుతున్నాడని మా నాయన్ని తీసుకెళ్లాను. చెవి మిషన్‌కని కట్టిన 18 వేలు అడ్వాన్స్ పోయింది.

డబ్బు కన్నా ఆ షాపు మనిషి చేసిన పనికి ఒళ్లు మండిపోతోంది. విడిగా గది లేదు, రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఫోన్లో యాప్ తెరిచి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ నాయన చెవుల్లో పెట్టి 12,000 హెర్ట్జ్, 14,000, 15,000 అని పెంచుకుంటూ పోయాడు (హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే లెక్క). “ఏం రావట్లేదయ్యా” అన్నాడు నాయన. వెంటనే అవే తీసి నా చెవుల్లో పెట్టాడు. సన్నగా ‘కీ’మంది. నేను తల ఊపగానే షాపులో అందరికీ వినపడేలా, “కొడుక్కి వినపడింది, నీకు నరం చచ్చిపోయింది పెద్దాయనా. మిషన్ పెట్టకపోతే ఆరు నెలల్లో మనవడి మాట కూడా వినపడదు” అన్నాడు. నాయన మొహం పాలిపోయింది. “నిజమేనా అబ్బయ్యా?” అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఒక ముసలాయన్ని భయపెట్టడానికి కన్నకొడుకు చెవినే సాక్ష్యం చేశాడు వాడు!

తర్వాత ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే గట్టిపడిన గులిమి తీశారు, బయటి శబ్దం రాని గదిలో ఆడియోగ్రామ్ (వినికిడి ఎంతుందో కొలిచి గీసే పరీక్ష) చేయించారు. వయసుకి తగ్గట్టే ఉంది, మిషన్ అక్కర్లేదన్నారు. 20,000 హెర్ట్జ్ దాకా వినేది కుర్రవాళ్ల చెవి. వయసుతో ముందు తగ్గేవి ఆ పై శబ్దాలే, అరవై దాటాక 15,000 వినపడకపోవడం మామూలేనట. మాటలకి కావలసింది దాదాపు అంతా 8,000 లోపే ఉంటుంది. అందుకే మామూలు పరీక్ష 250 నుంచి 8,000 వరకే చేస్తారు. సిస్‌ప్లాటిన్ లాంటి క్యాన్సర్ మందు చెవిని దెబ్బతీస్తోందేమో చూడాల్సినప్పుడు ఇంకా పైకి వెళ్తారు. దానికి వేరే హెడ్‌ఫోన్స్, కొలత సరిచూసిన పరీక్ష మిషన్ ఉండాలి. ఫోన్లో వచ్చే శబ్దానికి అసలు కొలతే లేదు. పైగా మామూలు చెవి మిషన్లు 15,000 దాకా శబ్దాన్ని పెంచనే పెంచవు. మరి దేనికి అమ్ముతున్నట్టు?

అడ్వాన్స్ తిరిగి ఇమ్మంటే, “రసీదు వెనక చదువుకోలేదా?” అని మొహం మీదే అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

ఎవరైనా వెళ్తే ఆడియాలజిస్టుకి (వినికిడి పరీక్ష చేసే నిపుణుడికి) రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, ఆడియోగ్రామ్ కాగితం చేతికి తీసుకోండి. అదే షాపులో మోసపోయిన వాళ్లుంటే రసీదు ఫోటో పంపండి, ఫిర్యాదుకి జత చేస్తాను.