సెయింట్ లూయిస్ యూనివర్సిటీ: లక్ష్యాలు గొప్పవే, మనవాళ్లకు అందుతున్నాయా?

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఉన్న సెయింట్ లూయిస్ యూనివర్సిటీ పేరు ఎంఎస్‌కు దరఖాస్తు చేసే తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. 1818లో మొదలై, ఆ తరువాత జెస్యూట్ అనే కథోలిక సంఘపు గురువుల చేతికి వచ్చిన ఈ కథోలిక విశ్వవిద్యాలయానిది మనకు తెలిసిన సంప్రదాయమే. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలా, అల్వాల్‌లోని లయోలా అకాడమీ ఆ గురువులు నడిపేవే. ర్యాంకుల మీదా ఫీజుల మీదా సమీక్షలు కావలసినన్ని దొరుకుతాయి కనుక, విద్యార్థి ఎలాంటి మనిషిగా బయటికి రావాలని ఈ సంస్థ కోరుకుంటున్నదో, ఆ కోరిక తరగతి గది దాకా ఎంతవరకు వచ్చిందో మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. మా అక్క కూతురు అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో బ్యాచిలర్స్ చదువుతున్నది.

సంపూర్ణ వ్యక్తిత్వ వికాసం అనే మాట మన కాలేజీల బ్రోషర్లలోనూ ఉంటుంది, సాధారణంగా అక్కడే ఉండిపోతుంది. ఇక్కడ మాత్రం 2022 నుంచి బ్యాచిలర్స్ విద్యార్థులందరికీ, ఏ శాఖవారైనా సరే, ఒకే ఉమ్మడి కోర్ పాఠ్యక్రమం పెట్టారు. డిగ్రీకి కావలసిన కనీసం 120 క్రెడిట్లలో 32 నుంచి 35 దానికే పోతాయి. అందులో అల్టిమేట్ క్వశ్చన్స్ పేరుతో థియాలజీ, అంటే దైవశాస్త్రం ఒకటి, ఫిలాసఫీ ఒకటి తప్పనిసరి. క్యూరా పర్సనాలిస్, అంటే ప్రతి మనిషినీ పూర్తి మనిషిగా పట్టించుకోవడం అనే జెస్యూట్ల పాత మాటను మూడు మెట్లుగా విడగొట్టి, నలుగురిలో తాను, తనలో తాను, లోకంలో తాను అన్న వరుసలో విద్యార్థి చేత ఆలోచింపజేస్తారు.

థియాలజీ తప్పనిసరి అనగానే మా అక్క అడిగిన మొదటి ప్రశ్న, "వాళ్ల మతంలోకి లాగుతారేమోరా?" అన్నది. ఆ భయం అక్కర్లేదు. ఆ కోర్సు విశ్వాసాన్ని కోరదు, వాదించే తీరును కోరుతుంది. ఫిలాసఫీ కోర్సుకు పిల్ల రాసిన వ్యాసం నేను చూశాను. అబద్ధం ఎప్పుడైనా న్యాయమవుతుందా అన్న ప్రశ్నకు ఆమె సగం పేజీలోనే తీర్పు చెప్పేసిన చోట, ప్రొఫెసర్ గారు మార్జిన్‌లో, నీతో విభేదించే మనిషి చదివి "అవును, నేననేది ఇదే" అని ఒప్పుకునేలా ముందు అతని వాదం రాయి, అని రాసి తిప్పి పంపారు. ఇంటర్‌లో రెండేళ్లు నాలుగు ఆప్షన్ల బిట్లు పెట్టిన పిల్ల ఆ వ్యాసాన్ని మూడుసార్లు తిరగరాసింది. నా దృష్టిలో ఫీజుకు తగిన ఫలితం అది. ఫీజు ఎక్కువే, ఆ మాట దాచనక్కర్లేదు.

ఇంత పెద్ద ఆశయాలు చెప్పుకునే సంస్థ వాటికి ఎప్పుడైనా కట్టుబడిందా అని అడిగేవారికి 1944 గుర్తు చేయాలి. క్లాడ్ హైథాస్ అనే గురువు క్యాంపస్ చర్చిలో వర్ణవివక్షను ఖండిస్తూ ప్రసంగించిన ఏడాదే విశ్వవిద్యాలయం నల్లజాతి విద్యార్థులకు తలుపులు తెరిచింది. ఆ గురువును మాత్రం తరువాత అక్కడినుంచి పంపించివేశారు. ఆ చరిత్రలో రెండు ముఖాలూ ఉన్నాయి.

నా అసలు ఫిర్యాదు వేరు. ఈ కోర్ అంతా బ్యాచిలర్స్ వారికే. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేదేమో ఎంఎస్‌కు. నాలుగైదు సెమిస్టర్ల చదువు, పార్ట్‌టైమ్ పని, ఓపీటీ (చదువయ్యాక అక్కడ కొంతకాలం ఉద్యోగం చేసే అనుమతి) గడువు లెక్కల మధ్య వారు చర్చి గోపురం పక్కనుంచి రోజూ నడిచి వెళ్తారు గానీ, పైన చెప్పిన కోర్సుల్లో ఒక్కటీ వారికి తప్పనిసరి కాదు. సేవా కార్యక్రమాల్లో పాల్గొనవచ్చు, కాని ఎవరికి వారు వెతుక్కుని వెళ్లాలి. ఈ లక్ష్యాల కోసమే ఇంత ఖర్చు పెడుతున్నామనుకునే తల్లిదండ్రులు పిల్లలను ఇంటర్ అయిన వెంటనే పంపగలిగితే నేను నిస్సంకోచంగా పంపమంటాను. ఎంఎస్‌కు వెళ్లేవారు మాత్రం డిపార్ట్‌మెంటు, సిలబస్, ఫీజు చూసుకునే నిర్ణయించుకోవాలి.