స్కాట్లాండ్స్‌పీపుల్ వాడి చూశాక: ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాటిష్ కుటుంబం మూలాలు వెతికేవాళ్ళ కోసం

వంశవృక్షం అనగానే అందరూ పోయి నెలనెలా డబ్బులు లాగే పెద్ద సైట్లలో మెంబర్‌షిప్ కట్టేస్తారు. మీరు వెతికేది స్కాట్లాండ్ నించి ఇంగ్లండ్ వచ్చి ఉండిపోయిన కుటుంబమైతే కాస్త ఆగండి. స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల ఆఫీసు వాళ్ళదే స్కాట్లాండ్స్‌పీపుల్ అని ఒక సైటుంది, చందా గట్రా ఏం లేదు, చూసినదానికే డబ్బులు. నా మట్టుకు నేను ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర ఎందుకు కోశానో కింద చెప్తా.

మా ఆయన వాళ్ళది కార్బీ. నార్తాంప్టన్‌షైర్‌లో ఉంది, ఇంగ్లండ్ నడిబొడ్డున, కానీ మామయ్యగారు మాట్లాడితే అచ్చం స్కాట్లాండ్‌లోని గ్లాస్గో యాసే, ఆయన పుట్టిందీ పెరిగిందీ అంతా కార్బీలోనే అయినా సరే. 1930ల్లో స్టూవర్ట్స్ అండ్ లాయిడ్స్ కంపెనీ అక్కడ స్టీల్ ఫ్యాక్టరీ, పైపుల ఫ్యాక్టరీ పెట్టి గ్లాస్గో పక్కనున్న లానార్క్‌షైర్ నించి పనివాళ్ళని సంసారాలతో సహా దింపేసింది, ఒక మామూలు పల్లెటూరు కాస్తా చిన్న స్కాట్లాండ్ అయి కూర్చుంది. 1980లో స్టీల్ తయారీ ఆపేశారు గానీ యాస మాత్రం పోలేదు. ఇంతకీ వీళ్ళది స్కాట్లాండ్‌లో ఏ ఊరు అంటే ఇంట్లో ఒక్కరికీ తెలీదు, "గ్లాస్గో పక్కన ఎక్కడో" అంటారు. మనింట్లో ఇలా అంటే మా నాన్నమ్మ ఊరుకునేది కాదు, గోత్రం, ఇంటిపేరు, ఊరు అన్నీ అప్పజెప్పాల్సిందే.

ముందు ఇంగ్లండ్ వైపు సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే డబ్బులు పోగొట్టుకుంటారు. ఇంగ్లండ్ సర్టిఫికెట్ ఒక్కోటి 12.50 పౌండ్లు. పెళ్ళి సర్టిఫికెట్లో 2021 దాకా తండ్రుల పేర్లే, తల్లుల ఊసే లేదు. 1930ల నాటి పుట్టిన సర్టిఫికెట్ తెప్పిస్తే అమ్మానాన్నలు ఎక్కడ పుట్టారో అందులో ఉండదు, అది 1969 ఏప్రిల్ నించే రాయడం మొదలెట్టారు. 1931 జనాభా లెక్కలు చూద్దామంటే ఇంగ్లండ్‌వి 1942లో కాలి బూడిదయ్యాయి, 1941లో అసలు లెక్కలే తియ్యలేదు. 1939 రిజిస్టర్లో (యుద్ధం మొదలైనప్పుడు ఇంటింటికీ రాసుకున్న జనం జాబితా) పుట్టిన తేదీ దొరుకుతుంది, ఊరు దొరకదు.

మరి ఊరు తెలిసేదెలా? అదే 1969 ఏప్రిల్ నించి చనిపోయిన సర్టిఫికెట్లో కూడా పుట్టిన తేదీ, పుట్టిన చోటు రాస్తున్నారు. అంటే స్కాట్లాండ్ నించి వచ్చిన ఆ మొదటి మనిషి 1969 తర్వాత పోయుంటే ఇంగ్లండ్‌లో ఆ ఒక్క కాగితం కొంటే చాలు. మేం మామయ్యగారి తాతది తెప్పించాం, పుట్టిన చోటు అన్నచోట మాస్‌ఎండ్, లానార్క్‌షైర్ అని ఉంది. దాంతో ఇంగ్లండ్ వైపు పని ఐపోయింది.

ఇంక స్కాట్లాండ్స్‌పీపుల్. అకౌంట్ ఫ్రీ. ముందే క్రెడిట్లు కొనుక్కుని వాటితో చూడాలి: 30 క్రెడిట్లు ఏడున్నర పౌండ్లు (మేం కొన్నప్పటి రేటు), ఒక సర్టిఫికెట్ ఇమేజ్‌కి 6 క్రెడిట్లు, అంటే పౌండున్నర. ఇంగ్లండ్‌లో కొనే ఒక్క కాగితం డబ్బుతో ఇక్కడ ఎనిమిది చూడొచ్చు. పైగా ఒకసారి తెరిచిన ఇమేజ్ అకౌంట్లోనే ఉండిపోతుంది, మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు.

రేటు కంటే అసలు విషయం ఆ కాగితంలో ఉన్న సమాచారం. స్కాట్లాండ్‌లో 1855 నించి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మొదలెట్టినప్పుడే గట్టిగా మొదలెట్టారు. పుట్టిన సర్టిఫికెట్లో అమ్మానాన్నల పెళ్ళి ఎప్పుడు ఎక్కడ అయిందో కూడా ఉంటుంది (1856 నించి 1860 దాకా పుట్టినవాళ్ళకి తప్ప). పెళ్ళి సర్టిఫికెట్లో రెండు వైపులా తల్లిదండ్రులు, తల్లుల పుట్టింటి ఇంటిపేర్లతో సహా. చనిపోయినదాంట్లోనూ అంతే. సో తాతగారి 1908 పుట్టుక తెరిస్తే వాళ్ళ అమ్మానాన్నల 1903 పెళ్ళి తేదీ దొరికింది, ఆ పెళ్ళి తెరిస్తే ఇంకో నలుగురు, ఆ నలుగురి చావులు తెరిస్తే వాళ్ళ పైన ఉన్నవాళ్ళు, కూర్చున్న చోటే ఒక్క సాయంత్రంలో 1850ల దాకా వెళ్ళిపోయాం, మా ఆయన టీ కూడా చల్లారబెట్టుకున్నాడు. ఆ పెళ్ళి కాగితంలో పెళ్ళికొడుకు బొగ్గుగని కార్మికుడు, వాళ్ళ నాన్న కూడా బొగ్గుగనే, పేరు పక్కన "చనిపోయారు" అని ఉంది, పెళ్ళికూతురు సంతకం బదులు ఇంటూ మార్కు పెట్టింది, పక్కన సాక్షి సంతకం. నాకు అది చూడగానే మా ఊళ్ళో పాత దస్తావేజుల మీద నిశానీలు గుర్తొచ్చాయి.

జనాభా లెక్కలు 1841 నించి 1921 దాకా ఇందులోనే ఉన్నాయి. స్కాట్లాండ్ లెక్కల్లో 1861 నించి ఇంట్లో కిటికీ ఉన్న గదులు ఎన్ని అని ఒక గడి ఉంటుంది. 1891లో వీళ్ళింట్లో తొమ్మిది మంది, కిటికీ ఉన్న గది ఒకటి. మామయ్యగారు ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

అంతకుముందు ఆయన ఇంకో మూడ్‌లో ఉన్నారు లెండి. పేరెందుకు గానీ ఒక చందా సైట్లో ఎవరో పెట్టిన వంశవృక్షం వీళ్ళని తీసుకెళ్ళి స్కాట్లాండ్ ఉత్తరాన కొండల్లో, అదే హైలాండ్స్‌లో, ఏదో క్లాన్ (పాతకాలపు తెగ) పెద్దకి అతికించేసింది, దానికి ఒక్క ఆధారం లేదు, వేరేవాళ్ళు అదే కాపీ కొట్టుకున్నారు, ఈయనేమో కిల్ట్ (స్కాటిష్ మగవాళ్ళు కట్టే గళ్ళ పావడా) కొలతలు కూడా ఇచ్చేశారు. ఇక్కడ కాగితం చూశాక కిల్ట్ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ అర మార్కు. పేర్లు చాలా కలిసిపోతాయి: పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు అనే ఆనవాయితీ వాళ్ళకీ ఉండేది, మనకి తాత పేరు మనవడికి పెట్టినట్టే, దాంతో ఒకే పారిష్‌లో (ఒక చర్చి కిందకొచ్చే ప్రాంతం) ఒకే పేరుతో నలుగురు కజిన్లు తేలతారు, ప్రతి ఒక్కడినీ తెరుచుకుంటూ పోతే క్రెడిట్లు హారతి కర్పూరమే. ఇండెక్స్ (పేర్ల జాబితా) వెతకడం ఫ్రీ కాబట్టి పారిష్, సంవత్సరం బిగించి రెండుమూడు రిజల్ట్స్‌కి తెచ్చుకున్నాకే తెరవండి. పెళ్ళైన ఆడవాళ్ళ మరణాలు పుట్టింటి ఇంటిపేరుతో కూడా దొరుకుతాయి, అది వాడుకోండి. 1855కి ముందువి చర్చి రిజిస్టర్లు, అన్ని ఊళ్ళవీ లేవు, ఉన్నవాటిల్లో అందరూ లేరు. ఇంకా, పుట్టుకలు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళు 75, మరణాలు 50 దాటితేనే ఇంట్లో కూర్చుని ఇమేజ్ చూడనిస్తారు. దగ్గరి తరాలవి కావాలంటే ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ చివర జనరల్ రిజిస్టర్ హౌస్‌లో వాళ్ళ సెంటర్ ఉంది, సీటు ముందే బుక్ చేసుకోవాలి, రోజుకింత అని కట్టేస్తే అవి కూడా స్క్రీన్ మీద చూసుకోవచ్చు. చూడాల్సినవి చాలా ఉంటే నిజానికి అదే చవక.

ఒక కొమ్మ మాత్రం 1881 లెక్కల్లో పుట్టిన చోటు "ఐర్లండ్" అని ఒక్క మాటతో ఆగింది. లానార్క్‌షైర్ గనుల కుటుంబాల్లో ఇది మామూలే. అక్కడి పాత రికార్డులు చాలా 1922లో డబ్లిన్‌లో కాలిపోయాయి, దానికి ఈ సైటు చేసేదేం లేదు, మిగతా క్రెడిట్లు అత్తయ్యగారి వైపుకి దాచాం.