టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్: కొనుక్కోండి, అద్దెకు మాత్రం ఇవ్వకండి

ఈ గడ్డి కోసే మిషన్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను. 52 సీసీ ఇంజిన్, భుజానికి తగిలించుకునే రకం. వరి గట్ల మీద గడ్డికి, మామిడి తోటలో కలుపుకి బాగా పనికొస్తుంది, నేనొక్కడినే వాడుకున్నన్ని రోజులూ ప్లగ్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ కడగడం తప్ప ఖర్చే లేదు.

పోయిన వానాకాలం ఊళ్లో ఒకాయన అడిగితే రోజుకు 400 లెక్కన రెండు రోజులకు ఇచ్చాను. పెట్రోల్‌లో లీటరుకు 40 ఎంఎల్ టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) కలపాలని రెండుసార్లు చెప్పాను. ఆయన తన కూలీకి చెప్పలేదు, ఆ అబ్బాయి బైక్‌లోంచి తీసిన ఉత్త పెట్రోల్ పోసి నడిపాడు. ఈ ఇంజిన్‌కి ఆయిల్ విడిగా ఉండదు, పెట్రోల్‌తో పాటు వెళ్లే ఆయిలే పిస్టన్‌ని కాపాడాలి, అది లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. సిలిండర్ నిండా గీతలు. రిపేరుకు 3,200 అయింది, వచ్చిన అద్దె 800.

డబ్బు సంగతి సరే. అడ్డొస్తోందని బ్లేడు దగ్గర గార్డు కూడా విప్పేశారు, అది చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. బ్లేడు తగిలిన రాయి తూటాలా ఎగిరొస్తుంది, అందుకే 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదంటారు. ఆ అబ్బాయికి కళ్లద్దాలు కూడా లేవు. కన్ను పోయుంటే వాళ్ల అమ్మకు నేనేం చెప్పేవాడిని?

ఇప్పుడు ఎవరడిగినా నేనే వెళ్లి కోసి, గంటల లెక్కన తీసుకుంటున్నాను. మిషన్‌కి మాత్రం ఐదుకి నాలుగు.