గార్డు గారి గిటారు వెంట కోరాపుట్, రాయగడ

నవంబరు చివరి వారంలో ఐదు రోజులు ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, జయపురం, రాయగడ తిరిగి వచ్చాను. ఆ వైపు వెళ్లేవాళ్లు సాధారణంగా జలపాతాల కోసమో, దేవమాలి కొండ కోసమో వెళ్తారు. నేను మా మాస్టారు గిటారు వాయించిన చోట్లను మరొక్కసారి చూడాలని వెళ్లాను. అందుకని బసల విషయంలో నా కొలతలు వేరు. ఒక గది బాగుందని నేనంటే, అందులో కూర్చుని తీగలు శ్రుతి చేసుకునేంత నిశ్శబ్దం ఉందని అర్థం చేసుకోండి.

మాస్టారు కేకే లైనులో, అంటే కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో, గూడ్సు బండి గార్డు. కోరాపుట్‌లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ గార్డు గారే. సొంత ఊరు పార్వతీపురం పక్కన. 1980ల చివర మా నాన్న సునాబెడలోని హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసేవారు. ప్రతి ఆదివారం నన్ను బస్సెక్కించి కోరాపుట్ రైల్వే క్వార్టర్లకు పంపేవారు. ఐదేళ్లు అలా నేర్చుకున్నాను. మాస్టారు రెండేళ్ల కిందట రాయగడలో పోయారు. అప్పుడు నేను వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇంకా ఉంది.

విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ బండి ఎక్కాను. దీనికి అరకు వరకు విస్టాడోమ్ పెట్టె ఉంటుంది. పెద్ద అద్దాలు, తిరిగే కుర్చీలు, పైకప్పులోంచి ఆకాశం, పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది. గిటారుతో వెళ్లేవాళ్లకు మాత్రం మామూలు స్లీపరే మేలు. పై బెర్తు మీద పెట్టెను పడుకోబెట్టవచ్చు, ఎవరి కాలూ తగలదు. సొరంగాలు వచ్చినప్పుడల్లా బండంతా కేకలతో మోగిపోతుంది కాబట్టి అరకు దాకా ప్రశాంతత ఆశించకండి. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ దగ్గర కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. అరకులో జనమంతా దిగిపోయారు. అక్కడి నుంచి కోరాపుట్ వరకు మా పెట్టెలో పదిమందికి మించి లేరు. నిజమైన ప్రయాణం అప్పుడే మొదలైందని నాకనిపించింది. పాడువా దాటాక పొలాల్లో వలిసె పూలు ఇంకా కొంచెం మిగిలి ఉన్నాయి. టీ, తినుబండారాలు అమ్మేవాళ్లు అరకు తర్వాత దాదాపు రారు. భోజనం వెంట తెచ్చుకోవాలి.

ఈ దారిలోనే ఆయన ముప్పై ఏళ్లు బండి చివర గార్డు డబ్బాలో కూర్చుని వచ్చారు. డ్యూటీలో గిటారు ఉండదు కదా. మోకాలి మీద కుడిచేతి వేళ్లు స్వరాల చోట్లు నొక్కుతుండేవట, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు తొడ మీద దరువు వేస్తుండేవట. చక్రాల చప్పుడే ఆయనకు తాళం.

మాస్టారిది ఎడమచేతి వాటం. ఆయన కుర్రతనంలో ఆ ప్రాంతంలో ఎడమచేతి గిటారు దొరికే మాటే లేదు. కలకత్తాలో చేసిన చవక గిటారొకటి కొనుక్కుని, దాన్ని తిరగేసి పట్టుకున్నారు. తీగలు మార్చి కట్టుకోవచ్చని చెప్పేవాళ్లు లేరు. దాంతో సన్న తీగలు పైకి, లావు తీగలు కిందికి వచ్చాయి. మామూలుగా వేళ్లతో వాయించేవాళ్లు బొటనవేలితో లావుపాటి మంద్రపు తీగలు మీటుతూ తాళం నడుపుతారు, మిగతా వేళ్లతో పాట పలికిస్తారు. ఈయనకు అది తలకిందులైంది. పాట బొటనవేలిది, మంద్రం చూపుడువేలిది. బొటనవేలి కండతో మీటిన సన్న తీగ గుండ్రంగా, నిండుగా, గొంతుతో పాడినట్టు పలికేది. కింద చూపుడువేలు తేలిగ్గా ఎగురుతూ బండి నడకను నడిపించేది. అలాంటి నాదం నేను తర్వాత పెద్ద పెద్ద వేదికల ముందు కూర్చుని కూడా వినలేదు.

ఆయనకు ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉండేది, తీగల వరుస మాత్రం తారుమారు. చూసి నేర్చుకోవడం కుదరదు. అందుకే, “చూడకమ్మా, విను” అని నా కళ్లు మూయించేవారు. ఈరోజు నాకు వినికిడి జ్ఞానం ఏమైనా ఉంటే అది ఆ ఆదివారాల చలవే.

విశాఖ ఓడరేవులో పనిచేసే స్నేహితుడొకరు ఒకసారి ఆయనకు ఒక క్యాసెట్టు ఇచ్చారు. అందులో వాయించినది ఎలిజబెత్ కాటన్. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1893లో పుట్టిన నల్లజాతి స్త్రీ. ఆమెదీ ఎడమచేతి వాటమే. చిన్నప్పుడు ఇళ్లలో పనిచేసి గిటారు కొనుక్కుని, దాన్ని ఇలాగే తిరగేసి, బొటనవేలితో పాట పలికించడం తనంతట తనే నేర్చుకుంది. పదకొండు, పన్నెండేళ్ల వయసులోనే గూడ్సు రైలు మీద పాట కట్టింది. పెళ్లి, చర్చి, ఇల్లు అంటూ దశాబ్దాల పాటు గిటారు వదిలేసింది. తర్వాత వాషింగ్టన్‌లో ఒక దుకాణంలో పనిచేస్తూ, తప్పిపోయిన పాపను తల్లికి అప్పగించింది. ఆ తల్లి స్వరకర్త రూత్ క్రాఫోర్డ్ సీగర్. ఆ ఇంట్లోనే పనికి కుదిరి, గోడకు వేలాడుతున్న గిటారు మళ్లీ చేతిలోకి తీసుకుంది. మొదటి రికార్డు 1958లో వచ్చేసరికి ఆమెకు అరవై దాటాయి. తొంభై దాటాక గ్రామీ వచ్చింది. 1987లో కన్నుమూసింది.

ఈ కథ మాస్టారు ఎంతమందికి చెప్పారో లెక్కలేదు. “సముద్రాల అవతల నాలాగే ఒకావిడ ఉందమ్మా” అంటూ క్యాసెట్టు మళ్లీ వెనక్కి తిప్పేవారు. ఆమె గూడ్సు పాటను రెండు నెలలు సాధన చేసి తనదిగా చేసుకున్నారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో, క్రిస్మస్ ముందు చర్చి మెట్ల మీద, వినాయక చవితి పందిట్లో వాయించారు. ఎవరూ టిక్కెట్టు కొని వినలేదు, ఎవరూ పత్రికలో రాయలేదు. మా నాన్న టేప్ రికార్డరులో పట్టిన నలభై నిమిషాల క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. ఆయనకు రావలసిన పేరు రాలేదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక కోరాపుట్‌లో బస. మొదటి రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాను. అద్దె 1,100 రూపాయలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కానీ వేడినీళ్లు ఉన్నాయని చెప్పి పొద్దున ఇవ్వలేదు, బస్సుల హారన్లు అర్ధరాత్రి దాకా ఆగలేదు. ఆ చలిలో చన్నీళ్ల స్నానం నా వయసు వాళ్లకు మంచిది కాదు. మర్నాడు జగన్నాథ ఆలయం వైపు, కొండవాలున ఉన్న ఒక ఇంట్లో అతిథులకిచ్చే గదికి మారాను. 1,800 రూపాయలు, పొద్దున టిఫిను వాళ్లే పెడతారు. పెంకుల వరండా, చెక్క బెంచీ, ఎదురుగా సిల్వర్ ఓక్ చెట్లు. ఇంటావిడ ఒడియా మాట్లాడినా తెలుగు బాగా అర్థమవుతుంది. కోరాపుట్ కొండల్లో పండిన కాఫీ గింజలు పొడి చేసి ఇచ్చింది. ఆ రుచికే ఇంకో రోజు ఉండవచ్చు. ధర ఎక్కువైనా నేను ఈ ఇంటికే ఓటేస్తాను.

గిటారుతో వెళ్లేవాళ్లకు ఒక మాట. సముద్రపు తేమలోంచి ఈ చలికి రాగానే తీగలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. పెట్టె తెరిచిన వెంటనే మరలు తిప్పకండి. అరగంట ఆగితే కర్ర, తీగ రెండూ సర్దుకుంటాయి.

ఆ వరండాలో రాత్రి కూర్చుంటే గూడ్సు బండ్లు వినిపించాయి. కిరండూల్ వైపు వెళ్లే ఖాళీ బండి తేలిగ్గా, గలగలమంటూ పోతుంది. ఇనుప ఖనిజం నింపుకుని విశాఖ వైపు దిగేది బరువుగా, ఒక్కొక్క అడుగూ నేలకు అదుముతున్నట్టు వస్తుంది. అలవాటు పడితే కళ్లు మూసుకుని చెప్పేయవచ్చు. చాలాసేపు విన్నాను.

ఆలయంలో మధ్యాహ్నం ప్రసాదం భోజనం దొరుకుతుంది. అన్నం, డాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు), ఒక కూర. వేడిగా, తృప్తిగా ఉంటుంది, ముందుగా కూపను తీసుకోవాలి. సునాబెడకు ఒక పూట వెళ్లాను. మా పాత క్వార్టరులో వేరే కుటుంబం ఉంది. గేటు బయటే నిలబడి చూసి వచ్చేశాను. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలికి తెల్లవారుజామున జీపులో వెళ్లవచ్చు. ఎత్తు 1,672 మీటర్లు. సూర్యోదయం గొప్పగా ఉంటుంది, గాలి మాత్రం చెవులు కోస్తుంది.

జయపురం కోరాపుట్ నుంచి ఘాటు రోడ్డు మీద గంట లోపే. బస్సులు తరచుగా ఉన్నాయి. కిటికీ పక్కన గిటారు నిలబెట్టుకుని వెళ్లాను, కండక్టరు ఏమీ అనలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని చేయిపట్టి నడిపించిన మహారాజా విక్రమదేవ వర్మ గారి ఊరిది. అంగళ్లలో తెలుగు ఈనాటికీ ధారాళంగా వినిపిస్తుంది. మెయిన్ రోడ్డు వెనక సందులో హార్మోనియంలు, తబలాలు బాగుచేసే చిన్న కొట్టు నా చిన్నప్పటిదే. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు, తండ్రి మూలన కుర్చీలో కూర్చున్నారు. గార్డు గారి పేరెత్తగానే పెద్దాయన నవ్వారు. “తీగలు కొనడానికి వచ్చేవారమ్మా. ఇక్కడే కొత్త తీగ కట్టి, నా గిరాకీనంతా ఆపేసి వాయించేవారు. డబ్బులు తీసుకోవాలంటే చేయి వచ్చేది కాదు” అన్నారు. నేను కొన్న తీగల సెట్టుకు ఆయన కొడుకు డబ్బు తీసుకున్నాడు, పెద్దాయన మాత్రం బొటనవేలికి తొడుక్కునే పిక్ ఒకటి నా చేతిలో పెట్టారు.

కోరాపుట్ నుంచి రాయగడకు రైలులోనే వెళ్లండి, బస్సు వద్దు. లోయల మీద వంతెనలు, వరుసగా సొరంగాలు, మధ్యలో మనిషి కనిపించని అడవులు. అరకు దారికి ఏమాత్రం తీసిపోదు, రద్దీ మాత్రం అందులో పావు వంతు కూడా లేదు. పగటి బండి చూసుకుని ఎక్కాలి. ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయాణం ఇదే.

రాయగడలో స్టేషను దగ్గర హోటల్లో 1,400 రూపాయలకు దొరికిన గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు అడగగానే వచ్చాయి. రోడ్డు అవతల తెలుగువాళ్ల మెస్సులో ముద్దపప్పు, ఆవపెట్టిన అరటికాయ కూర. మజ్జిగౌరమ్మ దర్శనానికి ఆదివారం వెళ్తే వరుస పెద్దది, మంగళవారం పొద్దున అరగంటలో అయిపోయింది. నాగావళి మీది వేలాడే వంతెన సాయంత్రం బాగుంటుంది.

మాస్టారి ఇల్లు పేపరు మిల్లుకు వెళ్లే దారిలో. ఆయన భార్య పిన్నిగారికి చూపు మందగించింది కానీ గొంతు విని గుర్తుపట్టారు. “ఆదివారం అమ్మాయివి కదూ” అన్నారు. గిటారు పాత దుప్పటి చుట్టి బీరువా పక్కన నిలబెట్టి ఉంది. విప్పాను. గిటారు ముఖానికి గీతలు పడకుండా అంటించే ప్లాస్టిక్ రేకు కొత్తదానిలా మెరుస్తోంది. తిరగేసి వాయించారు కాబట్టి దాన్ని ఆయన వేలు ఎన్నడూ తాకలేదు. దానికి అవతలి పక్క, ఆరో తీగ వారన, రక్షణ ఏమీ లేని చోట చూపుడువేలి గోరు తగిలి తగిలి రంగు పోయింది, పాలిష్ పోయింది, కర్ర పల్లం పడింది. నా వేలి కొన ఆ గుంటలో సరిగ్గా ఇమిడింది.

తీగలన్నీ తుప్పు పట్టాయి. జయపురంలో కొన్నవి ఒక్కొక్కటే కట్టాను. గంట పట్టింది. పిన్నిగారు పక్కనే కూర్చుని పాత తీగలు చుట్టలు చుట్టి కాగితంలో పెట్టారు, పారేయనివ్వలేదు.

“ఆ గూడ్సు బండి పాట వాయించమ్మా” అన్నారు.

వాయించాను. నా వాటం కుడిచేతిది కాబట్టి మంద్రం బొటనవేలితోనే. ఎక్కడా తప్పు పోకుండా చివరి దాకా వెళ్లాను. పిన్నిగారు కళ్లు మూసుకునే విన్నారు. అయ్యాక కాసేపు ఏమీ అనలేదు.

“ఇంకాస్త నెమ్మదిగా వాయించేవారమ్మా ఆయన,” అన్నారు. “లోడు బండి కదా.”

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.