ఇంటి దగ్గర కట్టుకున్న తెరచాప పడవ: కృష్ణలో కొన్నేళ్లు వాడాక

ప్లైవుడ్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు)తో సొంతంగా కట్టుకున్న పడవ మన కృష్ణలో ఎన్నాళ్లు నిలుస్తుందని చాలామంది అడుగుతుంటారు. కట్టి, నీళ్లలో దింపి, కొన్ని వానాకాలాలు దాటించాక చెబుతున్నాను, చక్కగా నిలుస్తుంది. అయితే విదేశీ ప్లాన్‌లో ఉన్నది ఉన్నట్టు కడితే మాత్రం సుఖంగా ఉండదు. ఆ ప్లాన్లు గీసినవాళ్ల మనసులో ఉన్నది చలిగాలి, ఉప్పునీరు. విజయవాడలో పడవను పాడుచేసేది ముందు ఎండ, తర్వాత లోపల నిలిచిపోయే వాన నీళ్లు. నది వల్ల జరిగే నష్టం ఆ రెండింటి తర్వాతే. ఈ సంగతి మనసులో పెట్టుకుని సామాను ఎంచుకుంటే, ఊళ్లో దొరికే వస్తువులతోనే మంచి పడవ తయారవుతుంది.

నాది 18 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు. ఇద్దరు పడుకోవడానికి సరిపోయే చిన్న కేబిన్, ఒక్క మాస్టు (తెరచాపను నిలబెట్టే స్తంభం), పైన అడ్డకొయ్యకు వేలాడే నాలుగు మూలల లగ్ తెరచాప. పడవ పక్కకు జారిపోకుండా మధ్యలోంచి నీళ్లలోకి దించే బోర్డును పైకి లాగేస్తే తొమ్మిది అంగుళాల నీటిలో తేలుతుంది. కట్టింది స్టిచ్ అండ్ గ్లూ పద్ధతిలో. 1960ల్లో బ్రిటన్‌లో మిర్రర్ అనే చిన్న పడవ వల్ల బాగా ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఇది. ప్లైవుడ్ ముక్కలను ఆకారానికి కోసి, అంచుల్లో చిల్లులు వేసి, రాగి తీగతో కుడతారు. లోపలి మూలల్లో ఎపాక్సీ ముద్ద నింపి, దానిపై ఫైబర్‌గ్లాస్ టేపు పరిచి, గట్టిపడ్డాక తీగ కత్తిరించేస్తారు. మోటారు వైండింగ్ షాపులో దొరికే రాగి తీగే నాకు సరిపోయింది.

చెక్కపని మా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి చేతిమీదుగా జరిగింది. ప్లాన్ చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి చాసిస్ ఎక్కడుంది బాబూ?" అని. లారీలో బరువంతా కింద ఇనుప చట్రం మోస్తుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. ఇక్కడ చట్రం ఉండదు. వంచి అతికించిన ప్లైవుడ్ పక్కలు, అడుగు, మధ్యలో అడ్డంగా పెట్టే పలకలు అన్నీ కలిసి బరువును పంచుకుంటాయి. అందుకే ఒక్క అతుకు వదులైనా పడవ మొత్తానికీ దెబ్బ. ఈ మాట ఒక్కసారి చెప్పాక ఆయన అతుకుల దగ్గర చూపించిన శ్రద్ధ నేను ఏ ఫర్నిచర్ షాపులోనూ చూడలేదు. ఎనిమిది అడుగుల షీట్లను కలిపి పొడవు చేయడానికి వాటి అంచులను ప్లై మందానికి ఎనిమిది రెట్ల పొడవున వాలుగా చెక్కి, ఒకదానిపై ఒకటి అతికించాలి. తొమ్మిది ఎంఎం ప్లైకి డెబ్బై రెండు ఎంఎం వాలు. అంత సన్నటి వాలును ఆయన చేతి చిత్రికతో తీశారు. ఆ అతుకులు ఇవాళ్టికీ గీత కూడా పడకుండా ఉన్నాయి.

ప్లైవుడ్ విషయంలో రాజీ పడొద్దు. మన దేశంలో పడవ తరగతి ప్లైవుడ్‌కు ఉన్న ప్రమాణం ఐఎస్ 710. అల్మారాలకు వాడే ఐఎస్ 303 ఇక్కడ పనికిరాదు. ముద్ర ఒక్కటే చూసి కొనడం కూడా ప్రమాదమే. నేను మూడు చోట్ల నుంచి ముక్కలు తెచ్చి, వంటింట్లో పాత గిన్నెలో గంటల తరబడి ఉడికించి, ఆరబెట్టి, మళ్లీ ఉడికించాను. ఒక దుకాణంలో 710 ముద్రతో అమ్మిన ముక్క పొరలు పొరలుగా విడిపోయింది. మిగతా రెండూ చెక్కుచెదరలేదు. షీట్ల డబ్బు కట్టేముందు ఈ పరీక్ష చేసుకుంటే చాలా టెన్షన్ తప్పుతుంది. ఇంకో సంగతి, మన 710 ప్లై విదేశాల్లో పడవలకు వాడే ఓకూమె అనే తేలిక చెక్క ప్లై కన్నా బాగా బరువు. నేను ప్లాన్‌లో చెప్పిన మందమే ఉంచి, ఆ అదనపు బరువును లెక్కేసి, అడుగున పెట్టాల్సిన ఇనుప బరువును తగ్గించాను. అందుకు పడవ పూర్తయ్యాక నీళ్లలో పక్కకు వంచి, మళ్లీ లేస్తోందో లేదో చూసుకున్నాను. ఆ పరీక్ష చేయకుండా బరువు తగ్గించే పని ఎవరూ చేయకండి.

ఎపాక్సీకి బదులు ఆటోనగర్‌లో చవగ్గా దొరికే పాలియెస్టర్ రెజిన్ వాడమని చాలామంది సలహా ఇస్తారు. లారీ క్యాబిన్ల ఫైబర్ పనికి అది బాగానే ఉంటుంది. చెక్కను మాత్రం అది గట్టిగా పట్టుకోదు, కొన్నాళ్లకు పొరలాగా ఊడి వస్తుంది. కాబట్టి ఎపాక్సీయే. దానితో మన ఎండల్లో పనిచేయడం మరో విద్య. వేడి పది డిగ్రీలు పెరిగితే అది గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. మే నెలలో మగ్గు నిండా కలిపితే మగ్గులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. స్లో హార్డెనర్ (నెమ్మదిగా గట్టిపరిచే రెండో ద్రవం) తీసుకోవాలి, కొంచెం కొంచెం కలపాలి, కలిపిన వెంటనే వెడల్పాటి ట్రేలో పలచగా పోసేయాలి. అతికించే పనులు తెల్లవారుజామున పెట్టుకున్నాం. పూత పని మాత్రం సాయంత్రం. పొద్దెక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలోంచి బుడగలుగా బయటికొస్తుంది, పొద్దువాలే వేళ అదే గాలి చల్లబడి పూతను లోపలికి లాక్కుంటుంది. వానాకాలంలో గట్టిపడిన ఎపాక్సీ మీద మైనంలాంటి జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్లతో, స్క్రబ్బర్‌తో కడిగాకే ఇసుక కాగితం పట్టాలి. ముందే రుద్దితే ఆ జిడ్డు లోపలికి పోయి తర్వాతి పూత పట్టదు.

రంగు తెలుపే వేయండి. ఎండకు ఎపాక్సీ ఎక్కువ కాలం తట్టుకోదు కాబట్టి పైన రంగు తప్పనిసరి. గది వేడిలో గట్టిపడే మామూలు ఎపాక్సీలు సుమారు యాభై, అరవై డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. మన వేసవిలో ముదురు రంగు డెక్ అంతకు మించి కాలుతుంది. నా పడవకు బస్సు బాడీలకు వాడే, రెండు డబ్బాల్లోవి కలిపి వేసే పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయించాను. ఇప్పటికీ మెరుపు పోలేదు. అది స్ప్రే చేసేటప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. చేతిగుడ్డ కట్టుకుని స్ప్రే చేసే కుర్రాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఫిల్టర్ ఉన్న మాస్కులు కొనిచ్చి, పెట్టుకున్నాకే పని మొదలుపెట్టించాను. మీరూ అలాగే చేయండి.

ఇన్నేళ్లలో కుళ్లు కనిపించింది ఒక్కచోటే, హ్యాచ్ (కేబిన్ పైన మూత ఉన్న ద్వారం) కీలు దగ్గర. బయట ఒక షాపులో బిగించిన కీలు అది. చెక్కకు నేరుగా చిల్లు వేసి స్క్రూ బిగించేశారు. ఆ చిల్లులోంచి వాన నీళ్లు దిగి, ప్లై అరచేయంత మేర నల్లబడింది. మిగతా ప్రతి చిల్లూ మేం పెద్దగా వేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్లీ చిన్న చిల్లు వేశాం. అక్కడ ఎక్కడా తడి చేరలేదు. చెక్కకు సముద్రపు నీటికన్నా వాన నీళ్లే ఎక్కువ చేటు, ఉప్పులో కుళ్లు బూజు పెరగడం కష్టం. ఇక స్క్రూలు, బోల్టులు నదికైతే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ చాలు. సముద్రానికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే 316 కొనండి.

తెరచాపను టార్పాలిన్ కుట్టేవాళ్లే కుట్టారు. వాళ్ల మెషిన్లు ఎంత మందపాటి గుడ్డనైనా కుడతాయి. గుడ్డ మాత్రం డాక్రాన్ అనే పాలియెస్టర్ తెరచాప గుడ్డ, దారం కూడా పాలియెస్టరే. మామూలు ప్లాస్టిక్ పట్టాతో మొదట నమూనా కుట్టించి చూశాం కానీ అది ఒక వేసవికే పొడిపొడిగా రాలింది. కుట్టేవాళ్లకు వివరించాల్సిన ముఖ్య విషయం ఒకటుంది. టార్పాలిన్ బల్లపరుపుగా ఉండాలి, తెరచాపకు గాలి నిండేలా కడుపు ఉండాలి. అంచులను సన్నటి బద్దను వంచి గీసిన వంపు ప్రకారం కోసి, గుడ్డ పట్టీల చివర్లను కొంచెం ఎక్కువ మడతతో కలిపితే ఆ కడుపు వస్తుంది. పైన తెరచాపను మోసే అడ్డకొయ్యకు వెదురు వాడాను. తేలిక, విరిగితే కొత్తది తేవడం సులువు. మాస్టు అల్యూమినియం పైపు, కింద కీలుతో వెనక్కి వాలుతుంది. నది మీదుగా కరెంటు తీగలు వెళ్లేచోట మాస్టు ఎత్తు గురించి ఏమాత్రం అనుమానం ఉన్నా దించేయాలి.

పడవకున్న పెద్ద లోపం మధ్య బోర్డు పెట్టె. కృష్ణ అడుగంతా ఇసుక. లంక దగ్గర ఆపి రాత్రి ఉంటే, పొద్దున్నే ఇసుక, గులకరాళ్లు ఇరుక్కుని బోర్డు కిందికి దిగదు. చీలికను కొంచెం వెడల్పు చేయించి, కిందికి లాగే తాడు కట్టాక ఇబ్బంది తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. ఈ నదికోసమే కట్టేవాళ్లు పక్కన వేలాడే లీబోర్డులు పెట్టుకుంటే మేలని నా గట్టి అభిప్రాయం. కేబిన్‌లో చోటు కూడా కలిసొస్తుంది. చుక్కాని మాత్రం బాగా కుదిరింది. పలక ముందు అంచు వెనక్కి వాలుగా ఉండటంతో గుర్రపుడెక్క పట్టుకోకుండా జారిపోతుంది. రాయి తగిలితే దానంతటదే పైకి లేస్తుంది.

ఇక లోపలి అమరిక. పడవ బాడీకి అయ్యే ఖర్చు మొత్తంలో మూడో వంతు అనుకోండి, మిగతాదంతా తెరచాప, మాస్టు, ఈ అమరిక లాంటివాటికే పోతుంది. ప్లాన్‌లో కేబిన్‌కు ముందు కిటికీ లేదు, చలిదేశం కాబట్టి అవసరం లేదు. మన దగ్గర ముందొక హ్యాచ్, వెనక తలుపు ఎదురెదురుగా లేకపోతే లోపల కూర్చోలేం. ముందు హ్యాచ్ గాలివైపు తెరుచుకునేలా పెట్టించాను. పడవ లంగరు మీద ఉన్నప్పుడు, ప్రవాహం బలంగా లేకపోతే ముక్కు గాలివైపే తిరుగుతుంది, గాలి దానంతటదే లోపలికి వస్తుంది. రెండింటికీ దోమతెరలు వెల్క్రోతో అతుక్కుంటాయి. సాయంత్రం ఆరు దాటాక కృష్ణ ఒడ్డున ఆ తెరలు లేకుండా ఉండటం మాటలు కాదు. తెరచాప కింది కొయ్య మీదుగా కప్పే తెల్లటి గుడ్డ పందిరి నేను పడవకు కొన్న వస్తువులన్నిటిలోకీ ఎక్కువ ఉపయోగపడింది. అది వేస్తే మధ్యాహ్నం కూడా కేబిన్‌లో ఒక కునుకు తీయొచ్చు.

కరెంటుకు 100 వాట్ల సోలార్ ప్యానెల్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. లైట్లు, రెండు డీసీ ఫ్యాన్లు, ఫోన్ల చార్జింగ్‌కు సరిపోతోంది. బ్యాటరీని పడక కింద, నీళ్లకు దగ్గరగా చల్లగా ఉండేచోట పెట్టండి. వేడి దాని ఆయుష్షు తినేస్తుంది. వంటకు గ్యాస్ సిలిండర్‌ను కేబిన్‌లో పెట్టనివ్వలేదు. ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి నిలిచిపోతుంది, చిన్న నిప్పురవ్వ చాలు. బయట, కింద చిల్లుతో నదివైపు గాలి పోయేలా ఉన్న పెట్టెలో చిన్న సిలిండర్, పొయ్యి అక్కడే. ఇంటి నుంచి పెరుగన్నం, ఆవకాయ తెచ్చుకుంటే ఆ పొయ్యి పని కూడా టీ వరకే. మరుగుదొడ్డి విషయంలో నాది ఒకే నియమం. బెజవాడ తాగేది ఈ నీళ్లే, కాబట్టి పడవలోంచి ఏదీ నదిలోకి పోకూడదు. మూతపెట్టిన బకెట్, ప్రతిసారీ పైన రంపపు పొట్టు, ఇంటికొచ్చాక శుభ్రం. వాసన ఉండదు, పాడయ్యే పంపు కూడా ఉండదు.

లంగరుకు జాలర్లు వాడే నాలుగు కొక్కేలది నదిలో రాళ్లు ఉన్నచోట పనిచేస్తుంది. ఇసుకలో రెండు వెడల్పు రెక్కల డాన్‌ఫోర్త్ రకం చాలా నయం, దానికి ముందు కొన్ని మీటర్ల గొలుసు ఉండాలి. తాడు లోతుకు ఐదు రెట్లయినా వదలాలి. నడుంలోతు నీళ్లలో మాత్రం జాలర్ల పద్ధతే మంచిది. గెడను ఇసుకలోకి గుచ్చి కట్టేయడమే.

ప్రయాణానికి మంచి కాలం చలికాలం. తూర్పుగాలి ఉంటే తెరచాప మీద భవానీ ద్వీపం దాటి, పవిత్ర సంగమం పక్కగా అమరావతి వైపు ఎక్కొచ్చు, తిరుగు ప్రయాణంలో ప్రవాహం సాయపడుతుంది. జూన్, జూలైల్లో పడమటి గాలి ఎదురొస్తుంది. లగ్ తెరచాప గాలికి మరీ ఎదురుగా వెళ్లలేదు, అటూ ఇటూ వంకరగా ఎక్కాలి. ఓపిక ఉంటే అది కూడా ఆనందమే. బ్యారేజీ గేట్ల దరిదాపులకు మాత్రం ఏ కాలంలోనూ, ఎంత గాలి ఉన్నా వెళ్లను. నాకు ఇంజిన్ లేదు, తెడ్లు ఉన్నాయి. ఇంజిన్ పెట్టాలనుకునేవాళ్లు 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోవాలి.

వరద గురించి చెప్పకపోతే ఈ సమీక్ష పూర్తికాదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కట్లు తెంచుకున్న పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఇరుక్కోవడం ఊరంతా చూసింది. నా పడవ అప్పుడు ట్రైలర్ మీద, ఒడ్డుకు దూరంగా ఉంది. ఈ పడవను ట్రైలర్ ఎక్కేంత చిన్నగా కట్టడానికి ముఖ్య కారణం అదే. ఎగువ నుంచి నీళ్లు వదులుతున్నారన్న వార్త రాగానే, మొదటి ప్రమాద హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా, తీసేస్తాను. ట్రైలర్‌కు ఒక జాగ్రత్త. రోడ్డు మీద నడిచి వేడెక్కిన చక్రాలను వెంటనే నీళ్లలో దించితే బేరింగ్‌లోని గాలి చల్లబడి కుదించుకుని నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. రేవుకు చేరాక ఓ అరగంట ఆగి, చేత్తో ముట్టుకుని చల్లగా ఉన్నాకే దించండి, వానాకాలం ముందు గ్రీజు మార్పించండి.