నీళ్లలో పిల్లయ్యే డైనోసార్ గుడ్డు: ఐదుకు మూడున్నర

మా మనవడికి ఆరేళ్లు. వాడి కోసం బేగంబజార్‌లో డైనోసార్ గుడ్లు రెండు కొన్నాను. కొట్టువాడు ఒకటి 80, రెండైతే 140 అన్నాడు. బేరం 120కి తెగింది.

కోడిగుడ్డు కన్నా కాస్త పెద్దది. ఊదా రంగు మీద తెల్లచుక్కలు. పెంకు సుద్దముక్కలా ఉంటుంది, రుద్దితే వేలికి పొడి అంటుతుంది. నీళ్లలో వేస్తే లోపలి బొమ్మ నీళ్లు పీల్చి ఉబ్బి, పెంకు పగలగొట్టుకుని వస్తుంది. కిటుకు అంతే.

డబ్బా మీద 24 గంటలని ఉంది, నమ్మకండి. శనివారం పొద్దున్నే మగ్గులో వేశాం. రాత్రికి నీళ్లు ఊదాగా మారాయి, పాత బెలూన్ వాసన. నీళ్లు మార్చాను. ఆదివారం ఆరింటికే "అమ్మమ్మా, బీట వచ్చింది!" అని లేపాడు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే వెంట్రుకంత గీత. పది దాటాక ఆ గీతలోంచి పచ్చటి ముక్కు, ఆవగింజంత. వాడు పళ్లు కూడా తోముకోకుండా బాత్‌రూమ్ గడప మీదే కూర్చున్నాడు. 120 రూపాయలూ అక్కడికే గిట్టుబాటయ్యాయి.

చిక్కంతా తర్వాతే వచ్చింది. "దీన్నేమంటారు?" అన్నాడు. డబ్బా మీద 'బేబీ డైనో' అని ఉంది. అది పేరా? ఆవుకు లేగ, ఏనుగుకు గున్న, పులికి కూన అని 31 ఏళ్లు పిల్లలతో వల్లె వేయించిన తెలుగు టీచర్ని నేను. "మరి రాక్షసబల్లికి?" అంటే నా నోరు పెగల్లేదు.

వెతికి చూస్తే శాస్త్రవేత్తల దగ్గర కూడా ప్రత్యేకమైన మాట లేదు. గుడ్డులో ఉన్నంతసేపూ పిండం, బయటపడగానే హ్యాచ్‌లింగ్, కాస్త ఎదిగితే జువెనైల్. కోడిపిల్లకూ తాబేలు పిల్లకూ వాడే మాటలే. ఆలోచిస్తే సబబే. లేగ అన్నవాళ్లు ఆవును మేపారు, పాలు పితికారు. డైనోసార్‌ను ఎవరు మేపారు? అసలు ఆ జాతికి ఆ పేరే 1842లో రిచర్డ్ ఓవెన్ పెట్టాడు.

కంపెనీవాళ్లు డబ్బా వెనకాల ఈ రెండు ముక్కలు వేస్తే ఏం పోయేది? అక్కడ ఆరు బొమ్మలున్నాయి. అన్నీ పెద్ద డైనోసార్లనే చిన్నవి చేసి అచ్చేసినట్టున్నాయి. నిజం పిల్లలకు ఒంటితో పోలిస్తే కళ్లు పెద్దవి, మూతి పొట్టి. మా మగ్గులోది మాత్రం పుట్టడమే కోరలతో, అప్పులవాడిలా కోపంగా పుట్టింది. అర మార్కు కోత అందుకే.

పెంకు పూర్తిగా ఊడేదాకా ఇంట్లో కూర్చోలేక మధ్యాహ్నం బిర్లా సైన్స్ మ్యూజియంకి వెళ్లాం. అక్కడి కోటాసారస్ అనే పొడుగుమెడ డైనోసార్ అస్థిపంజరం అంటే నాకు కొంచెం గర్వం. మాది మంచిర్యాల, అది దొరికిన యామన్‌పల్లి అప్పట్లో మా ఆదిలాబాద్ జిల్లాలోదే. కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయట. శాస్త్రవేత్త యాదగిరిగారు 1988లో దానికి ఆ పేరు పెట్టారు. తొమ్మిది మీటర్ల పొడవు. మా వాడు తోక దగ్గర మొదలుపెట్టి అడుగులు లెక్కేసుకుంటూ వెళ్లి, "ఇంత పెద్దదానికి గుడ్డు ఎంతుంటుంది, మన బిందె అంతా?" అన్నాడు.

దాని గుడ్డు సంగతి కాదు గానీ, అలాంటి పొడుగుమెడవే టైటనోసార్లని ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో నర్మద లోయలో వాటి గూళ్లు 92, గుడ్లు 256 దొరికాయని 2023లో ప్రకటించారు. ఒక్కొక్కటి కొబ్బరికాయంత, అంతే. గుడ్డు మరీ పెద్దదైతే పెంకూ మందమవ్వాలి, అప్పుడు పిల్లకు గాలి ఆడదు, బద్దలుకొట్టుకుని రానూలేదు. గుజరాత్‌లోనైతే అలాంటి గూట్లోనే, అప్పుడే పుట్టిన పిల్ల పక్కన చుట్ట చుట్టుకున్న పాము శిలాజం దొరికింది. పాము మూడున్నర మీటర్లు, పిల్ల అర మీటరు. ఈ మాట చెప్పాక మా వాడు ఇంటికి రాగానే మగ్గు మీద పళ్లెం మూతపెట్టాడు.

కొనేవాళ్లకు ముఖ్యమైన మాట ఒకటి. ఇంట్లో పాకే పిల్లలుంటే ఇది వద్దు. నీళ్లు పీల్చి ఉబ్బే సరుకు కాబట్టి, ముక్క తుంచి మింగితే పేగులో కూడా ఉబ్బుతుంది. ఇది డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. నేను భూతద్దం పెట్టి చదివాను. ఇంకో మార్కు కోత దీనికే. నీళ్లలోంచి తీసి ఆరబెడితే బొమ్మ మళ్లీ చిన్నదవుతుంది, పారేయక్కర్లేదు. బకెట్‌కి ఊదా మరక పడితే పీతాంబరితో తోమాను, పోయింది.

బొమ్మకు మా వాడు 'గున్న' అని పేరు పెట్టాడు. ఏనుగుది కదరా అంటే, "ఏనుగు దగ్గర అప్పు తెచ్చుకుందాం" అన్నాడు. రెండో గుడ్డు ఇవాళ్టికి నాలుగో రోజు, బీట కూడా రాలేదు. మురిగిపోయిందిరా అంటే ఒప్పుకోడు. మగ్గు ఇంకా బాత్‌రూమ్‌లోనే ఉంది, నేను చెంబుతో స్నానం చేస్తున్నాను.