పొడి చర్మానికి ఏది మేలు? కొబ్బరినూనె, నువ్వుల నూనె, షియా, నెయ్యి: విశాఖ వాతావరణానికి తగ్గట్టు

విశాఖలో ఒళ్ళు పొడిబారిందంటే వినేవాళ్ళకు వింతే. ఏడాదిలో సగం రోజులు బాల్కనీలో ఆరేసిన బట్టలే సరిగ్గా ఆరవు. అయినా పిక్కల మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతోందంటే కారణం చాలాసార్లు ఇంట్లోనే, ఆఫీసులోనే ఉంటుంది. రుషికొండ వైపు ఆఫీసుల్లో రోజంతా ఏసీ, ఇంటికొస్తే గీజరు వేడినీళ్ళు, ఒళ్ళంతా సబ్బు. డిసెంబరు, జనవరిల్లో నేల వైపు నుంచి వచ్చే పొడిగాలి వీటికి తోడు. నీళ్ళు గోరువెచ్చగా, స్నానం పది నిమిషాల్లోపు, సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు మాత్రమే. ఇది సరిచేయకుండా ఎంత ఖరీదైన బటర్ పూసినా వృథా.

ఇంకో సంగతి. నూనె గానీ నెయ్యి గానీ చర్మానికి తడి ఇవ్వదు, ఉన్న తడి ఆవిరైపోకుండా మూత పెడుతుంది. ఎండిన ఒంటి మీద రాస్తే పైన జిడ్డు, లోపల పొడి అలాగే మిగులుతాయి. స్నానం కాగానే తువ్వాలుతో అద్దుకుని, ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల్లో రాసేయాలి. పెద్దవాళ్ళకు ఒళ్ళంతటికీ రెండు టీస్పూన్లు చాలు. రాశాక చొక్కాకు అంటుకుంటోందంటే ఎక్కువైనట్టే.

రోజువారీ వాడకానికి, చేతులకూ కాళ్ళకూ, మా ఓటు కొబ్బరినూనెకే. పలచగా పరుచుకుంటుంది, ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది. సీసా మీద ‘హెయిర్ ఆయిల్’ అని ఉంటే వాసనలు, మినరల్ ఆయిల్ కలిసి ఉండొచ్చు, వంటకు వాడేదే తెచ్చుకోవాలి. సుమారు 24 డిగ్రీల దగ్గర కరిగే నూనె కాబట్టి చలికాలం పొద్దున్నే పేరుకుంటే కల్తీ అనుకోకండి. ఫ్రిజ్‌లో పెట్టినా పైన తేట నూనె మిగిలిపోతేనే అనుమానించాలి. దీనికి ఒక లోపం ఉంది, అది మన ఊళ్ళోనే ఎక్కువగా బయటపడుతుంది. చెమట పట్టే వీపుకూ ఛాతీకీ రాస్తే కొందరికి దురదపెట్టే సన్నటి పొక్కులు లేస్తాయి. చర్మం మీద మామూలుగానే ఉండే మలసీజియా అనే ఈస్ట్ ఇలాంటి కొవ్వులు తిని బలుస్తుంది. చాలామంది వాటిని చెమటకాయలనుకుని మళ్ళీ అదే నూనె రాస్తుంటారు. మొటిమలొచ్చే మొహానికి కూడా ఇది వద్దు.

మంచినూనె, అంటే నువ్వుల నూనె, స్నానానికి ముందు పనికొస్తుంది. భోగి తలంటుకు ఒంటికి పట్టించేది ఊరికే కాదు: వేడినీళ్ళు, సున్నిపిండి కలిసి చర్మంలోని సహజమైన జిడ్డును లాగేయకుండా అడ్డుపడుతుంది. స్నానానికి ఇరవై నిమిషాల ముందు ఒక టేబుల్‌స్పూను మర్దన చేస్తే సరి. గానుగ నూనె వాసన ఆఫీసు దాకా వెంట వస్తుంది, అందుకే స్నానం తర్వాత వాడకానికి కొబ్బరినూనె తర్వాతే ఇది. వేయించిన నువ్వులతో తీసినది కూరకు తప్ప ఒంటికి వద్దు. అన్నట్టు, నూనె కారిన బాత్రూం టైల్స్ మీద కాలు జారుతుంది, ముసలివాళ్ళుంటే ముందు నేల కడగండి.

షియా బటర్ పశ్చిమ ఆఫ్రికా చెట్ల గింజల కొవ్వు. మోచేతులు, మోకాళ్ళు, మడమలు, గిన్నెలు తోమి గరుకెక్కిన వేళ్ళు, వీటికి దీన్ని మించింది లేదు. ఒళ్ళంతా పూస్తే మాత్రం మన ఉక్కలో చెమటతో కలిసి జిగురు జిగురుగా అయిపోతుంది. శుద్ధి చేయనిది లేత పసుపుగా, కాస్త పొగ వాసనతో ఉంటుంది. తెల్లగా, వాసన లేకుండా ఉన్నది శుద్ధి చేసినది. మేలో అల్మారాలో కరిగి, రాత్రికి మెల్లగా గడ్డకట్టి, మర్నాడు రవ్వలా తగులుతుంది. పాడైపోలేదు, అందులోని గట్టి కొవ్వు ముందుగా విడిగా గడ్డకట్టింది, అంతే. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి పలుకు లేకుండా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ నున్నగా వస్తుంది.

వేసవికి నిలిచేలా కావాలంటే షియా 60 గ్రాములు, కోకమ్ బటర్ (కోకమ్ పండు గింజల కొవ్వు) 20, నువ్వుల నూనె 20. కోకమ్ గట్టిది, ముందు దాన్ని కరిగించి, తర్వాత షియా, చివర్లో నూనె. ఫ్రిజ్‌లో పెట్టి, తోడుకున్న పెరుగులా చిక్కబడగానే తీసి గిలక్కొట్టాలి. ఇందులో నీళ్ళు లేవు కాబట్టి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. తడి వేలు పెట్టారో, ఆ డబ్బా బూజు పడుతుంది.

నెయ్యి పెదవులకు బియ్యపు గింజంత చాలు. నూరుసార్లు కడిగిన నెయ్యి సంగతి వేరు. రాగి పళ్ళెంలో 50 గ్రాముల నెయ్యి, రెండు మూడు చెంచాల చల్లటి నీళ్ళు, నిమిషం పాటు అరచేత్తో రుద్ది నీళ్ళు వంపేయడం, ఇలా నూరుసార్లు. దాదాపు రెండు గంటల పని. తెల్లగా, వెన్నకన్నా మెత్తగా, వాసన తగ్గి తయారవుతుంది. వేసవిలో ట్యాంకు నీళ్ళతో మొదలుపెడితే నెయ్యి కరిగి నీళ్ళతో పాటు సింకులోకి పోతుంది, కుండ నీళ్ళే వాడాలి. లోపల నీళ్ళు మిగులుతాయి కాబట్టి గాజు సీసాలో, ఫ్రిజ్‌లో, పొడి చెంచాతో, రెండు వారాలు మించకుండా వాడండి. పళ్ళెంలోనే వదిలేస్తే రాగి దిగి పచ్చబడుతుంది, పారేయాల్సిందే. చలువ చేస్తుందన్నది నిజమే గానీ, ఆ రెండు గంటల శ్రమకు మడమల మీద షియా కన్నా ఎక్కువేమీ ఇవ్వదు.

ఆలివ్ నూనె కన్నా నువ్వుల నూనె నయం. ఆలివ్‌లో అధికంగా ఉండే ఓలిక్ ఆమ్లం చర్మం పైపొరను సడలిస్తుంది. గ్లిజరిన్ మాత్రం మన గాలిలో తడికి బాగా కలిసొస్తుంది, ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు కలిపి రాయాలి. ఏసీ గదిలో దాని మీద పలచగా నూనె లేకపోతే చర్మంలోని తడినే లాక్కుంటుంది.

లంబసింగి, అరకు వెళ్ళేటప్పుడు మొహానికి కూడా బఠానీ గింజంత షియా, తడి మీదే. ఆర్కే బీచ్‌లో మునిగొస్తే ముందు మంచినీళ్ళతో ఉప్పు కడుక్కుని, ఆ తర్వాతే నూనె. ఏది కొత్తగా మొదలుపెట్టినా మోచేతి మడతలో కాస్త రాసి రెండు రోజులు చూడండి. నువ్వులు పడనివాళ్ళకు ఆ నూనే వద్దు. షుగరు ఉన్నవాళ్ళ మడమ పగిలి నెత్తురు చెమరిస్తుంటే, బటర్ డబ్బా పక్కన పెట్టి అదే రోజు డాక్టరుకు చూపించాలి.